సరస్సు పల్లెల్లో పురిటి చావులు లేవని రాశాను

“చచ్చిపోయిన మనిషి పేరు చెప్పు” అన్నాడు తాలూకా ఆఫీసు గుమాస్తా.

దేశమ్మ వెనక్కి తిరిగి కొడుకు వైపు చూసింది. చనిపోయింది అతని పెళ్లామే. అతను గది దాటి, వరండా దాటి, కాంపౌండు గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. మాట వినపడనంత దూరం పోయాడని చూసుకున్నాక ఆమె గొంతు తగ్గించి, “కావేరి” అంది.

గుమాస్తా రాసుకున్నాడు. “యాడ పోయింది ప్రాణం?”

“పడవలో సామీ. నీళ్ల మీద.”

“ఏ ఊరి నీళ్లు?”

“నీళ్లకు ఊరేంది సామీ? పులికాట్ నీళ్లు.”

గుమాస్తా కలం కింద పెట్టాడు. “అట్టయితే రాసేదానికి లేదు. మీ పల్లె దాటినాక పోయింది గాబట్టి మీ మునసబు రాయడు. రేవుకు చేరకముందే పోయింది గాబట్టి రేవు ఊరి మునసబూ రాయడు. వాళ్లిద్దరూ రాయనిది నేను రాసేదానికి నా దగ్గర పుస్తకమే లేదు.”

“పుస్తకమే లేనోడివి పేరెందుకు అడిగినావయ్యా?”

“అడగడం నా పని.”

“నువ్వు రాస్తేనే గదా మా నర్సమ్మను తిరిగి పంపిస్తారు. మా చెంగమ్మకు ఏడో నెల పడింది. నా కూతురు అది. దాన్ని కూడా పడవెక్కించి చంపుకోమంటావా?”

గుమాస్తా విసుక్కుంటూ వెనకనున్న బీరువాలోంచి ఒక ఫైలు తీశాడు. అందులో అంటించిన పత్రిక ముక్క ఆమె ముందు పెట్టి వేలితో కొట్టి చూపించాడు. ఆమెకు చదువు రాదని అతనికి తెలుసు. “ఇదిగో, పేపర్లోనే పడింది. మీ సరస్సు పల్లెల్లో పురిటి చావులే లేవంట. నువ్వొచ్చి ఉన్నాయంటావు. పేపరోళ్లు అబద్ధం రాస్తారా?”

ఆ ముక్కను నేను దూరం నుంచే గుర్తుపట్టాను. “సరస్సు ఒడిలో క్షేమంగా తల్లులు” అనే ఆ శీర్షిక నాది. దాని కింద వార్త నాది. దేశమ్మకు నాలుగడుగుల దూరంలో, బెంచీ మీద, పంటనష్టం జాబితా కోసం ఎదురుచూస్తూ కూర్చున్నదీ నేనే. లేచి నిలబడి “అది రాసింది నేను, అడక్కుండా రాశాను” అని ఉంటే ఆ క్షణంలో కొంతైనా పని జరిగేది. నేను చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాను.

ముప్పై ఏళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రికకు నెల్లూరు జిల్లా విలేకరిగా పనిచేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్లు కొందరు అనుభవాలు రాయమని అడుగుతున్నారు. ఏ మంత్రి నన్ను పేరు పెట్టి పిలిచాడో, ఏ సభలో శాలువా కప్పారో రాయను. అవి చదివి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. ఆ బెంచీ మీద నేను ఎందుకు కూర్చుండిపోయానో, అంతకుముందు ఏం చేశానో రాస్తాను. పల్లె పేరు మాత్రం మార్చి నడితిప్ప అంటాను. మనుషుల పేర్లూ మార్చాను.

కుర్చీలు వేసిన పడవ

అవి పంతొమ్మిది వందల అరవై ముందూ వెనకా సంవత్సరాలు. తల్లీబిడ్డల సంక్షేమం అన్న మాట ప్రతి సభలోనూ వినపడేది. జిల్లాలో ఎక్కడ ప్రసూతి కేంద్రం తెరిచినా నాకు ఆహ్వానం వచ్చేది, నేను పోయేవాణ్ని, రిబ్బను కత్తిరించినవాడి పేరు పొల్లు పోకుండా రాసేవాణ్ని. ఆ గదిలో కాన్పు చేసే మనిషి పేరు ఒక్కసారి కూడా రాసిన గుర్తు లేదు.

ఒకరోజు ఒక ఆరోగ్యాధికారి కబురు పెట్టాడు. సరస్సు లోపలి పల్లెలకు పర్యటన పోతున్నాం, రండి అని. తడ దాకా జీపు, అక్కణ్నుంచి పడవ. పడవలో మా కోసం వెదురు కుర్చీలు వేయించారు. చేపలు మోసే పడవలో కుర్చీలు నిలవవు. ఒక్కో కుర్చీ కాళ్లను ఒక్కో మనిషి పట్టుకుని కూర్చున్నాడు. ఆ మనుషులు నడితిప్ప వాళ్లే. దారి పొడుగునా అధికారి వాళ్ల తలల మీదుగా నాతో మాట్లాడాడు.

“మీరొక విషయం గమనించారా? పెన్న కింద, సంగం వైపు, మాగాణి ఊళ్లలో పురిటి చావులు ఎన్ని రాస్తున్నారో చూడండి. అన్నం దొరికే చోటు అది. ఇక్కడ చూడండి, పోయిన సంవత్సరం సున్నా. అంతకుముందు సున్నా.”

“కారణం ఏమంటారు?” అని అడిగాను. నేను ఆ రోజు అడిగిన ఒకే ఒక ప్రశ్న అది.

“చేపలండీ. పైగా ఉప్పుగాలి, ఒళ్లు వంచి పనిచేయడం. మాగాణి ఆడవాళ్లు నీడపట్టున కూర్చుంటారు.”

మాగాణి ఆడవాళ్లు నీడపట్టున కూర్చుంటారని ఆయనకు ఎవరు చెప్పారో. నాట్ల కాలంలో ఏ ఊరి గట్టు మీదైనా అరగంట నిలబడి ఉంటే తెలిసేది. నాకు తెలుసు కూడా. నేను పుట్టింది మాగాణి ఊళ్లోనే. అయినా రాసుకున్నాను. చేపలు, ఉప్పుగాలి, సున్నా. మంచి వార్త చేతికందినప్పుడు బుర్ర వాడే విలేకరి అరుదు. నేను ఆ అరుదైన జాతి కాదు.

నడితిప్పలో ఇసుక మీద దిగాం. అధికారికి కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చింది అక్కడి నర్సమ్మ. ఉద్యోగం పేరు మిడ్‌వైఫ్. మనిషి పేరు ఎస్తేరమ్మ. నడివయసు, తెల్లచీర, చేతికి గడియారం. రెండేళ్లుగా ఆ తిప్ప మీద ఒక తాటాకు పాకలో ఉంటోంది. చేతికి ఒక పుస్తకం పట్టుకుని, ఎవరైనా అడుగుతారేమోనని అధికారి వెనకే నడిచింది. ఆయన అడగలేదు. నేనూ అడగలేదు. నాకు కూడా బోండాం ఇచ్చింది. తాగి, నీళ్లు చాలా తియ్యగా ఉన్నాయని మెచ్చుకున్నాను.

ఆ పుస్తకంలో ఏముందో తర్వాత, కావేరి పోయాక, ఆమే చూపించింది. ఆ రెండేళ్లలో ఆమె చేసిన కాన్పులన్నీ తేదీలతో, తల్లుల పేర్లతో ఉన్నాయి. ఇద్దరు తల్లుల పేర్ల ఎదుట ఎర్ర సిరాతో గీత ఉంది.

“వీళ్లిద్దరూ పోయినారు సార్. ఒకామెకు మాయ పడలేదు. ఇంకొకామెకు ఫిట్సు వచ్చినాయి. రెండుసార్లూ రాసి పైకి పంపించినాను.”

“మరి సున్నా అంటారేం?”

“చావుల లెక్కకు మునసబు పుస్తకమే పుస్తకమంట సార్. నాది పని పుస్తకమంట.”

“ఆ రోజు నాతో ఎందుకు చెప్పలేదమ్మా?”

“మీరు బోండాం గురించే అడిగినారు సార్.”

పుస్తకం ఎవరింట్లో ఉంది

ఆ కాలంలో పుట్టుకలూ చావులూ రాసేవాడు గ్రామ మునసబు. మాగాణి ఊళ్లో మునసబు ఊరి నడుమే ఉంటాడు. ఎవరింట్లో ఏడుపు వినిపించినా అతని ఇంటికి వినిపిస్తుంది. అతని ఇంట్లో అంట్లు తోమే మనిషి అన్నీ మోసుకొస్తుంది. కనుక అక్కడ చావు పుస్తకంలోకి ఎక్కుతుంది.

నడితిప్పకు మునసబు లేడు. అది సరస్సుకు ఆవల ఒడ్డున ఉన్న ఊరికి తోక పల్లె. మునసబు ఆ ఒడ్డునే ఉంటాడు, చెప్పుకోవాలంటే పడవలో పోవాలి. అతను తిప్పకు వచ్చేది ఏడాదికి ఒకసారి. వచ్చినప్పుడు చేపలు పుచ్చుకుని పోతాడు.

దీనికి తోడు పల్లెవాళ్ల ఆచారం ఒకటి. పురిట్లో పోయిన మనిషి పేరు పదహారో రోజు దాకా ఇంటివాళ్ల ముందు ఎవరూ పలకరు. పలికితే ఆ మనిషి బిడ్డను వెతుక్కుంటూ తిరిగి వస్తుందని, ఇంట్లో ఇంకో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఆమెకు చెరుపు అని వాళ్ల భయం. మునసబు పుస్తకానికి గడువు ఉంది. గడువు లోపల పేరు చెప్పలేదు గనక రాయడు. పదహారు రోజులు దాటి పోతే గడువు దాటింది గనక రాయడు. ముసలితనంతోనో జ్వరంతోనో పోయినవాళ్లయినా ఒకరో ఇద్దరో ఎక్కేవాళ్లు గానీ, పురిటి చావు ఆ పుస్తకంలో ఎక్కే దారే లేదు. సున్నా అట్లా వచ్చింది. చేపల వల్ల కాదు.

ఇందులో ఆచారాన్ని తప్పుపట్టి చేతులు దులుపుకోవడం సులువు. చాలామంది అధికారులు నా దగ్గర అదే చేశారు. “మూఢనమ్మకాలండీ, మేమేం చేస్తాం?” అని. రెండేళ్లు ఆ పల్లెలో కాపురమున్న ఎస్తేరమ్మకు ఈ ఆచారం అడ్డు రాలేదు. ఆమె పేరు అడగలేదు. ఎవరి ఇంట్లో పోయారో ఆమెకు తెలుసు, తన పుస్తకంలో తనే రాసుకుంది. ఉన్నచోట ఉండే మనిషికి తెలిసిన నిజాన్ని పక్కనపెట్టి, ఆవల ఒడ్డున ఉన్న మనిషి అజ్ఞానాన్ని లెక్కగా తీసుకోవడం ఏ ఆచారం కిందికి వస్తుందో వాళ్లెవరూ చెప్పలేదు.

మీరు ఏ జిల్లాకు పోయినా ఒక ప్రాంతం పచ్చగా, ఒక ప్రాంతం ఎండిపోయి కనబడుతుంది. ఎండిన చోట చావులు తక్కువని ఎవరైనా కాగితం చూపిస్తే, ముందు ఆ కాగితం రాసినవాడి ఇల్లు ఎక్కడో అడగండి. నేను దీన్ని ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఒక మనిషి చచ్చిపోతే నేర్చుకున్నాను.

పెన్న కాలువ కింది భవనం

సంగం వైపు ఒక ఊళ్లో ఒక పెద్ద రైతు తన తల్లి పేరు మీద ప్రసూతి గృహం కట్టించాడు. సున్నం వేసిన గోడలు, రంగు అద్దాల కిటికీలు, గుమ్మం మీద తల్లిగారి బొమ్మ. మంచి పనే. ఆ ఊళ్లో కూడా కూలి ఆడవాళ్లు పురుళ్లకు చచ్చిపోతున్నారు. అక్కడ అవసరం లేదని నేను ఎప్పుడూ అనలేదు. అవసరం ఉన్న ఇద్దరు ఆడవాళ్ల నడుమ ఒకే నర్సమ్మను పెట్టి, ఆమెను ఎవరు లాక్కుంటారో చూడటం ప్రభుత్వం చేసిన పని.

భవనం తెరవడానికి పెద్దమనుషులు వస్తున్నారు. లోపల నర్సమ్మ లేదు. కొత్త ఉద్యోగం మంజూరు కావాలంటే ఆలస్యం. కనుక ఉన్నచోటి నుంచి ఒకరిని తీసుకురావాలి. ఎక్కణ్నుంచి తీస్తే నోరెత్తేవాళ్లు లేరు? ఆ ప్రశ్నకు నా వార్త తేలికైన సమాధానం ఇచ్చింది. సరస్సు పల్లెల్లో పురిటి చావులు లేవు గనక అక్కడి మిడ్‌వైఫ్‌ను చావులు ఉన్నచోటికి మార్చడమైనది. పత్రికలోనూ ప్రచురితమైనది. ముక్క జతచేయడమైనది.

ఎస్తేరమ్మ ట్రంకు పెట్టె పడవెక్కిన రోజు పల్లె ఆడవాళ్లంతా నీళ్లలోకి దిగి పడవను పట్టుకున్నారట. దేశమ్మ అన్నదట, “నువ్వు పోతే మేం ఎవరి చేతుల్లో కనాలే?” అని. ఇది నాకు ఎస్తేరమ్మే చెప్పింది.

“ఏం చెప్పినావమ్మా?”

“వేరే నర్సమ్మ వస్తుందని అబద్ధం చెప్పినాను సార్. పడవ వదలాలి గదా.”

ప్రారంభోత్సవానికి నేనూ పోయాను. పులిహోర బాగుంది. కిటికీల గురించి, తల్లిగారి బొమ్మ గురించి రాశాను. భవనం కట్టించిన ఇంటి ఆడవాళ్లు నెల్లూరు పోయి పురుడు పోసుకుంటారని, కూలి ఆడవాళ్లు ఆ నున్నటి గచ్చు మీద కాలు పెట్టడానికే జంకుతున్నారని ఎస్తేరమ్మ చెప్పింది గానీ అది రాయలేదు. పులిహోర తిన్నాక అట్లాంటివి రాయడం మర్యాద కాదనుకునేవాణ్ని.

మోకాటి లోతు

తాలూకా ఆఫీసు మెట్లు దిగాక దేశమ్మ వెంటపడి నేనెవరో చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

“నువ్వేనా ఆ బోండాం అయ్య?”

“అవునమ్మా.”

“చదువుకున్నోడివి. కుర్చీలో కూర్చుని వచ్చినావు. మా పల్లెలో ఆడది చావదని ఎట్ట రాస్తివయ్యా? మేమేమన్నా దేవతలమా?”

“మళ్లీ రాస్తాను” అన్నాను.

“రాయబాకు. ముందు వచ్చి చూడు.”

ఆ మధ్యాహ్నమే పడవెక్కాను. ఈసారి కుర్చీ లేదు. కావేరి మొగుడు పేరు మునిరత్నం. అతను గడ వేస్తున్నాడు. ఎండాకాలంలో ఆ సరస్సు ఎట్లా ఉంటుందో ఒడ్డు నుంచి చూసేవాడికి తెలియదు. కంటికి ఆనినంత దూరం నీళ్లే. లోతు మాత్రం మోకాటికి మించదు. సగం దూరంలో పడవ బురదలో కూరుకుపోతుంది. దిగి తోయాలి. నేనూ దిగాను, పిక్కల దాకా దిగబడ్డాను. పడవ బారెడు కదలడానికి నాకు ఆయాసం వచ్చింది.

“ఈడనే” అన్నాడు మునిరత్నం. తక్కినది దేశమ్మ చెప్పింది. కావేరికి రెండో కాన్పు. ముందురోజు నుంచీ నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగింది. పల్లెలో మంత్రసాని చేతులెత్తేసింది. తెల్లారగానే పడవలో పడుకోబెట్టి తడకు బయల్దేరారు. బురదలో నలుగురు మగవాళ్లు దిగి తోశారు. గాలి ఎదురు. ఎండెక్కేసరికి కావేరి నోరు పిడచకట్టిపోయింది. దేశమ్మ తన పైట తడిపి మొహం మీద కప్పింది. ప్రాణం పోయిన సంగతి తోసేవాళ్లకు ముందు తెలియలేదు. తెలిశాక కూడా తోస్తూనే ఉన్నారు, వెనక్కి తిప్పాలో ముందుకు పోవాలో ఎవరికీ తోచక.

“నర్సమ్మ ఉండి ఉంటే?” అని అడిగాను. ఇట్లాంటి ప్రశ్న అడిగినందుకు ఇప్పటికీ నా మీద నాకు కోపం.

“పోయినేడు ఇట్టాంటి బిడ్డనే తిప్పి తీసింది” అంది దేశమ్మ.

తిప్ప మీద, పాక ముందు చెంగమ్మ కూర్చుని వల బాగుచేస్తోంది. పురిటికి పుట్టింటికి వచ్చిన పిల్ల. ఇరవై ఏళ్లు ఉండవు. తల్లి ఆఫీసులో ఎవరి పేరు పలికి వచ్చిందో ఆమెకు తెలియనివ్వద్దని దేశమ్మ పడవలోనే నాతో ఒట్టు వేయించుకుంది. చావు జరిగిన మూడో రోజే పేరు పలికితే చెరుపు తగిలేది ఈ పిల్లకే అని ఆమె నమ్మకం. ఆ నమ్మకం మనసులో పెట్టుకునే ఆ పేరు పలికింది, ఈ పిల్ల కోసమే. ఆ గుమాస్తా దానికి “అడగడం నా పని” అన్నాడు.

మా న్యూస్ ఎడిటరు

నెల్లూరు వచ్చి వార్త రాశాను. పాత వార్త తప్పని, ఎందుకు తప్పో, కావేరి ఎట్లా పోయిందో అంతా రాసి రైల్లో కవరు పంపాను. నాలుగు లైన్లు పడింది, పశువుల సంత వార్త కింద: పడవలో మహిళ మృతి. మా న్యూస్ ఎడిటరు భాష బాగా తెలిసినవాడు. ఆయన దిద్దిన వాక్యం నుంచి నేను చాలా నేర్చుకున్నాను. ఆయన దిద్దకుండా కొట్టేసినవాటి నుంచి ఇంకా ఎక్కువ నేర్చుకున్నాను.

ట్రంకు కాల్ చేశాను.

“మనం తప్పు రాశామని మనమే రాసుకుంటే రేపు మనల్ని ఎవడు నమ్ముతాడయ్యా?” అన్నాడు.

“ఆ తప్పు పట్టుకునే నర్సమ్మను తీసేశారండీ.”

“అది ప్రభుత్వం ఇచ్చిన లెక్క. తప్పయితే ప్రభుత్వానిది.”

“మన పేపరు ముక్క ఫైల్లో ఉందండీ.”

“మంచిదే కదా. మన వార్తకు విలువ ఉందన్నమాట.” తర్వాత కాస్త మెత్తబడి అన్నాడు, “ఆ పల్లెకు మన పేపరు పోతుందా?”

“పోదండీ.”

“సంగం వైపు?”

“పోతుంది.”

“మరి?”

ఆయన చెడ్డవాడని ఎవరూ అనరు. తన కూతుళ్ల కాన్పులకు మద్రాసులో పేరున్న డాక్టరమ్మ దగ్గర ముందే చెప్పి ఉంచేవాడు. పత్రిక చదవనివాళ్లకు కాన్పులు ఉంటాయన్న సంగతి ఆయన బుర్రలోకి ఎక్కలేదు, అంతే.

పత్రికలో దారి మూసుకున్నాక, విలేకరి చేయకూడదని మాకు చెప్పే పని చేశాను. తెల్లకాగితం మీద నా చేత్తో రాసి సంతకం పెట్టాను: ఫలానా వార్త రాసింది నేను, పల్లెలో ఒక్క మనిషినీ అడక్కుండా రాశాను, దాన్ని సాక్ష్యంగా వాడకూడదు. ఎస్తేరమ్మ తన పుస్తకంలోని రెండు ఎర్రగీతల పేజీలు నకలు రాసి ఇచ్చింది. తన ఉద్యోగానికి ముప్పు అని తెలిసే ఇచ్చింది. దేశమ్మ వేలిముద్రతో అర్జీ తయారైంది. మా ఎడిటరుకు తెలిసి నన్ను కొన్నాళ్లు నెల్లూరు బజారు ధరలు మాత్రమే పంపమన్నాడు. ధరలు కూడా అడిగి రాశాను, ఈసారి.

ఉత్తర్వు

ఉత్తర్వు వచ్చింది. నేను పట్టుకుపోయి దేశమ్మకు చదివి వినిపించాను. నడితిప్పకు మిడ్‌వైఫ్ ఉద్యోగం పునరుద్ధరించడమైనది. అయితే ప్రజాప్రయోజనం దృష్ట్యా సదరు మిడ్‌వైఫ్ తాత్కాలికంగా, పెన్న కాలువ కింది ప్రసూతి గృహంలోనే పనిచేయవలెను.

“అర్థమయ్యేట్టు చెప్పయ్యా. నర్సమ్మ మాదేనా?”

“మీదే.”

“ఉండేది?”

“అక్కడే.”

దేశమ్మ నవ్వింది. పక్కనున్న ఆడవాళ్లతో, “విన్నారా? మొగుడు మనోడేనంట. కాపురం మాత్రం దాని దగ్గరంట” అంది. వాళ్లంతా పైటలు నోట్లో కుక్కుకుని నవ్వారు. నేను కూడా నవ్వాను. తర్వాత దేశమ్మ ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, పాక చూరులో దోపి, “కావేరి సంగతి ఏం రాసినారు?” అని అడిగింది. అప్పటికి పదహారు రోజులు ఎప్పుడో దాటాయి. పేరు గట్టిగానే పలికింది.

కావేరి సంగతి అందులో లేదు. సరస్సు మీద పోయిన చావును ఏ ఊరి పుస్తకంలో రాయాలన్న విషయం పరిశీలనలో ఉన్నదని ఇంకో కాగితం తర్వాత వచ్చింది.

దేశమ్మ ఆ పరిశీలన కోసం కూర్చోలేదు. తొమ్మిదో నెల పడగానే చెంగమ్మను నీళ్లు ఇంకా తగ్గకముందే పడవలో తడ దగ్గరి రేవుకు తీసుకొచ్చింది. రేవులో తనవాళ్లెవరూ లేరు. రోడ్డుకు దగ్గరగా ఇసుకలో నాలుగు కర్రలు పాతి, పాత తెరచాప కప్పి, చుట్టూ తాటాకు దడి కట్టి కూతురితో అందులో కూర్చుంది. మునిరత్నం వారానికోసారి చేపలూ బియ్యమూ తెచ్చేవాడు. మూడు వారాలు అట్లా ఉన్నారు. తడలో కాన్పులు చేసే ఒక నర్సమ్మకు ముందే చెప్పి ఉంచారు. నొప్పులు మొదలైన పొద్దున మునిరత్నం పరుగెత్తాడు. ఆమె ఎవరిదో సైకిలు వెనక కూర్చుని వచ్చింది. బిడ్డ సరిగ్గానే తిరిగి ఉంది. ఆడపిల్ల పుట్టింది. చెంగమ్మ బతికింది.

నేను పోయేసరికి చెంగమ్మ తెరచాప నీడలో బిడ్డకు పాలిస్తోంది.

“బిడ్డను చూసి ఏం రాస్తావు?” అంది దేశమ్మ.

“ఏం రాయమంటావు?”

“మా పిల్ల బతికిందని రాయబాకు. అది చూపించి ఈ రేవు కూడా వద్దంటారు.”

ఆమె తప్పు చెప్పలేదు. మరుసటేడు అదే ఆరోగ్యాధికారి ఒక సమావేశంలో నాకు కనబడ్డాడు. నడితిప్పకు నర్సమ్మను ఎప్పుడు పంపుతారని అడిగాను. “పంపి ఏం చేయను? అక్కడ పోయినేడు కాన్పులే లేవు” అన్నాడు. చెంగమ్మతో మొదలై కాన్పులన్నీ రేవులో జరిగాయన్నాను. “అయితే రేవు లెక్కలో ఉంటాయి” అన్నాడు. నేను ఆ సాయంత్రమే పోయి రేవు ఊరి మునసబును అడిగాను. గుడిసెలకు ఇంటి నంబర్లు లేవు, వాళ్లు మా ఊరివాళ్లు కారు, అందుకని రాయలేదన్నాడు. ఆవల ఒడ్డు మునసబు తన దగ్గర పుట్టలేదు గనక రాయలేదన్నాడు. ఈ మూడు మాటలూ పక్కపక్కనే పెట్టి వార్త రాశాను. అది మాత్రం పూర్తిగా పడింది. ఎవరూ ఏమీ అనలేదు.

దేశమ్మ చేసింది చూసి తక్కిన ఇళ్లవాళ్లూ అదే చేయడం మొదలుపెట్టారు. ప్రతి ఎండాకాలం రేవు ఇసుకలో నాలుగైదు తెరచాప గుడిసెలు కనిపించేవి. నడితిప్ప ఉద్యోగంలో ఎస్తేరమ్మ తర్వాత ఇంకో ఇద్దరు నర్సమ్మలు చేరారు. ఇద్దరూ చేరిన రోజు నుంచీ పెన్న కాలువ కిందే పనిచేశారు. నేను ఉద్యోగం మానేసే ముందు చివరిసారి రెండు ఊళ్ల పుస్తకాలూ తెరిపించి చూశాను. రేవు ఇసుకలో పుట్టిన పిల్లల్లో ఒక్కరి పేరూ ఏ పుస్తకంలోనూ లేదు. బడిలో చేర్చుకోవడానికి పుట్టిన ఊరి కాగితం తెమ్మంటున్నారని చెంగమ్మ ఆ రోజు కూతుర్ని వెంటబెట్టుకుని రేవు మునసబు అరుగు మీద కూర్చుని ఉంది.